పచ్చి తునికికాయ వగరెందుకు?

ధర్మసాగర్ మండలంలో దేవునూరు వైపు వెళ్తే ఇనుపరాతి గుట్టల అడవి కనిపిస్తుంది. ఇలాంటి ఆకురాల్చే అడవులే మన అడవి పండ్లకు పుట్టిల్లు. చలికాలంలో పరికి, రేగు. ఎండాకాలంలో తునికి, ఈత. మనిషి వ్యవసాయం నేర్చి సుమారు 10,000 ఏళ్లే. అంతకుముందు లక్షల ఏళ్లు ఇలా ఏరుకుతిన్న పండ్లు, దుంపలు, వేటమాంసమే అతని తిండి.

పచ్చి తునికికాయ కొరికారా? నాలుక పట్టేసినట్టవుతుంది. అందులోని టానిన్లు అనే పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. నోటిలోని జారుడుతనం పోతుంది, అదే వగరు. గింజ ముదరకముందే కాయను ఎవరూ తినకుండా చెట్టు వేసుకున్న తాళమది! గింజ ముదిరాక టానిన్లు కరగని రూపంలోకి మారతాయి, కండ తియ్యనవుతుంది. అప్పుడు ఎలుగుబంటి కడుపారా తిని, గింజల్ని దూరంగా విసర్జిస్తుంది. చెట్టుకు కావలసింది అదే.

మరి మనకేం లాభం? మేక తన కాలేయంలో విటమిన్ సి తయారుచేసుకుంటుంది. మన ఒంటికి ఆ శక్తి లేదు, తిండిలోంచే రావాలి. రేగుపండులో అది దండిగా ఉంటుంది. చిన్న పండని చులకనగా చూడకండి.

అయితే ఎర్రగా మెరిసేవన్నీ తినేవి కావు. ముద్దొచ్చే గురివింద గింజలో ప్రాణం తీసే విషముంది. అందుకే అడవికి వెళ్తే చెట్లు తెలిసిన నానమ్మనో తాతనో వెంట తీసుకెళ్లండి. ఏది పరికో, ఏది కాదో ఆకు చూసే చెప్తారు.