మీకు తెలుసా? తన పాత డిస్కునే చదవలేని మ్యాక్

1990ల మొదట్లో యాపిల్ మ్యాక్‌లో వాడిన హార్డ్ డిస్కును ఇవాళ్టి మ్యాక్ చదవలేదు. పైసా ఖర్చులేని లినక్స్ మాత్రం చదవగలదు!

ఆ డిస్కుల్లో ఉండేది 1985 నాటి హెచ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్. దాని మీద కొత్తగా రాసే వీలును యాపిల్ 2009లోనే తీసేసింది. చదివే వీలు 2019లో కాటలీనా వెర్షన్‌తో పోయింది. అంతమాత్రాన ఫైళ్లు ఎక్కడికీ పోవు. పార్టిషన్ మొదటి నుంచి సరిగ్గా 1024 బైట్లు దాటి చూస్తే ‘బీడీ’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. హెచ్‌ఎఫ్‌ఎస్‌కు అదే ఆనవాలు. తర్వాత వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో అదే చోట ‘హెచ్+’ ఉంటుంది.

డిస్కు పెట్టగానే మ్యాక్ ‘ఇనిషియలైజ్’ చేయమంటుంది. పొరపాటున కూడా నొక్కకండి, అది చెరిపేసే దారి. ముందు డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా కాపీ చేసుకుని, మీ ప్రయత్నాలన్నీ ఆ కాపీ మీదే చేయండి.