ఇంటి పన్ను లెక్క ఎవరి చేతిలో?

ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లకు, విస్తీర్ణం దాదాపు ఒకటే అయినా, పన్ను మాత్రం ఒకదానికి మరొకదానికి రెట్టింపు ఉండటం మన పట్టణాలలో కొత్త విషయమేమీ కాదు. నోటీసు అందుకున్న గృహస్థు సాధారణంగా పన్ను శాతం ఎక్కువైందని వాపోతాడు. అసలు చిక్కు శాతంలో కంటే, ఆ శాతాన్ని దేనిపై విధిస్తున్నారన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

బ్రిటిష్ పాలనా కాలం నుంచి సంక్రమించిన పద్ధతి వార్షిక అద్దె విలువ. ఇంటికి వాస్తవంగా వచ్చే అద్దె కాక, సహేతుకంగా రాదగిన అద్దెను ఇందులో లెక్కగడతారు. సొంతంగా నివసించే ఇంటికి రాదగిన అద్దె ఎంత? దీనికి సమాధానం చాలాకాలం పాటు మదింపు అధికారి అంచనాకే వదిలివేశారు. అంచనా ఉన్నచోట బేరసారాలకూ చోటుంటుందని వేరే చెప్పనక్కరలేదు.

దీనికి అద్దె నియంత్రణ చట్టాలు తోడయ్యాయి. ఈ విషయంలో దేశమంతటా ఉదహరించే తీర్పులలో ఒకటి గుంటూరుది. అద్దె నియంత్రణ చట్టం ప్రకారం నిర్ణయించదగిన న్యాయమైన అద్దెకు మించి వార్షిక అద్దె విలువను పురపాలక సంఘం లెక్కగట్టరాదని, ఆ అద్దెను కంట్రోలరు ఇంకా నిర్ణయించని ఇళ్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని, గుంటూరు పన్ను చెల్లింపుదారుల సంఘం వ్యాజ్యంలో 1970లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1979లో ఢిల్లీకి చెందిన మరో కేసులోనూ ఇదే సూత్రాన్ని పాటించింది. న్యాయపరంగా ఇది యజమానులకు రక్షణే. అయితే ఫలితంగా పాత భవనాల విలువలు ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోగా, భారం కొత్తగా కట్టుకున్నవారిపై పడింది. ఆదాయం చాలని పురపాలక సంఘాలు శాతాలను పెంచుకుంటూ పోయాయి. పాట్నాలో పన్ను రేటు 43.75 శాతానికి చేరింది.

మార్పు కూడా పాట్నాలోనే మొదలైంది. 1993లో అక్కడి నగరపాలక సంస్థ అద్దె అంచనాలను పక్కనబెట్టి, ఇల్లు ఏ తరహా రోడ్డుపై ఉంది, కట్టడం ఏ రకం, దేనికి వాడుతున్నారు అన్న మూడు ప్రాతిపదికలపై చదరపు అడుగుకు ఇంత అని విలువను ముందుగానే ప్రకటించింది. రేటును 9 శాతానికి తగ్గించింది. హైకోర్టు ఈ నిబంధనలను కొట్టివేసినప్పటికీ, 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. తరువాతి కాలంలో ఇతర నగరాలు ఇటు మళ్లడానికి ఈ తీర్పు ధైర్యాన్నిచ్చింది.

ఢిల్లీలో 2004 నుంచి అమలులోకి వచ్చిన యూనిట్ ఏరియా పద్ధతిని చూస్తే లెక్క ఎంత సులభమో అర్థమవుతుంది. కాలనీలను ఎనిమిది తరగతులుగా విభజించి చదరపు మీటరుకు అత్యధికంగా 630 రూపాయలు, అత్యల్పంగా 100 రూపాయలు విలువ కట్టారు. ఐదవ తరగతి కాలనీకి ఇది 270 రూపాయలు. అక్కడ 1985లో కట్టిన 100 చదరపు మీటర్ల పక్కా ఇంట్లో యజమానే నివసిస్తుంటే, 270ని 100తో హెచ్చించి, భవనం వయసు కింద 0.8తో గుణిస్తే వార్షిక విలువ 21,600 రూపాయలు వస్తుంది. పన్ను రేటు 10 శాతమైతే కట్టవలసింది 2,160 రూపాయలు. ఈ హెచ్చవేతను గృహస్థు తానే చేసి ఫారం దాఖలు చేయవచ్చు. అధికారి గడప తొక్కవలసిన అవసరం చాలావరకు తప్పిందనే చెప్పాలి.

ముంబయి మరో దారి తొక్కింది. 2010 నుంచి ఆస్తి మూలధన విలువను ప్రాతిపదికగా తీసుకుంది. అయితే, ఖాళీ స్థలంలో భవిష్యత్తులో కట్టగల నిర్మాణాన్ని కూడా విలువలో కలిపిన నిబంధనలు చెల్లవని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు 2022 నవంబరులో దానినే ఖరారు చేసింది. పన్ను ఉన్న ఆస్తిపైనే గాని, రాబోయే దానిపై కాదని దీని సారాంశం.

ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ విధానానికి మారింది. నివాస గృహాలకు ఈ విలువపై 0.10 నుంచి 0.50 శాతం వరకు పరిధిని నిర్ణయించింది. విలువలు ఒక్కసారిగా పెరిగి జనం బెంబేలెత్తకుండా, పాత పన్నుపై పెంపు 15 శాతానికి మించరాదన్న పరిమితి కూడా పెట్టింది. ఈ విధానంలో రిజిస్ట్రేషన్ శాఖ భూమి ధరను సవరించినప్పుడల్లా ఇంటి విలువ కూడా పెరుగుతుంది. ఇంటిని అమ్మే ఉద్దేశమే లేని పింఛనుదారుకు ధర పెరిగినంత మాత్రాన రాబడి పెరగదు. ఈ అభ్యంతరాన్ని తేలికగా కొట్టిపారవేయడానికి వీలులేదు. హైదరాబాద్ మాత్రం వార్షిక అద్దె విలువనే అనుసరిస్తూ వచ్చింది. అక్కడ నివాస గృహాలకు విలువను బట్టి 17 నుంచి 30 శాతం వరకు శ్రేణులున్నాయి.

విధానం ఏదైనా, నోటీసు అందినప్పుడు గృహస్థు సరిచూసుకోవలసినవి కొన్నే. నమోదైన విస్తీర్ణం టేపు పట్టి కొలిచినదానితో సరిపోతున్నదా, కట్టిన సంవత్సరం సరిగా వేశారా, నివాసాన్ని వాణిజ్యం కింద చూపారా, ఇల్లు ఏ జోన్‌లో చేర్చారు అన్నవి ముఖ్యం. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది విస్తీర్ణం, వినియోగం దగ్గరే. తేడా ఉంటే నోటీసులో చెప్పిన గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, అందినట్లు రసీదు తీసుకోవాలి. నోటి మాటగా బిల్ కలెక్టరుకు చెప్పిన అభ్యంతరానికి విలువ లేదు.

పన్ను రసీదు తమ పేర ఉంటే ఇల్లు తమదేనని భావించేవారు నేటికీ ఉన్నారు. పన్ను చెల్లింపు హక్కును రుజువు చేయదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. హక్కుకు దస్తావేజే ఆధారం. అయినా ఇల్లు కొనేవారు పాత యజమాని బకాయిలు లేవని రసీదులు చూసుకోకుండా రిజిస్ట్రేషన్‌కు వెళ్లడం మంచిది కాదు. గడువు దాటిన బకాయిపై నెలకు 2 శాతం చొప్పున, అంటే ఏడాదికి 24 శాతం హైదరాబాద్‌లో జరిమానా వడ్డీ పడుతుంది.