అరుగు ఎక్కిన చదువు

సీటు దొరికితే చదువు దొరికినట్టేనా? ఫీజు కడితే సరిపోతుందా? కాదంటున్నారు అమెరికాలో నల్లజాతి విద్యార్థుల వెన్నుతట్టే అధ్యాపకులు. ఆ మాటే చెబుతుంది మన నల్లగొండ, పాలమూరు పిల్లల అనుభవం కూడా. మరి ఇంకేం కావాలి?

నాగార్జునసాగర్ అనగానే ఇరవై ఆరు గేట్లు, లాంచీ ప్రయాణం గుర్తొస్తాయి. కానీ నందికొండ లోయ పదిహేడు వందల ఏళ్ల కిందటే చదువుల తల్లి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే ఉండేది. ఎక్కడెక్కడి నుంచో భిక్షువులు వచ్చేవారు. సింహళం నుంచి వచ్చినవాళ్లకైతే సొంత విహారమే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక అక్కడ బోధివృక్షానికి మందిరం కట్టించినట్టు శాసనం చెబుతోంది. పరాయి ఊళ్లో చదివేవాడికి పాఠంతోపాటు ‘ఇది నా చోటు’ అనిపించే నాలుగు గోడలు కూడా కావాలని ఆ కాలం వాళ్లకు తెలుసన్నమాట!

ఇప్పుడు అదే నందికొండ చుట్టుపక్కల తండా నుంచో, ఎస్సీ కాలనీ నుంచో ఇంటర్ పాసైన అమ్మాయిని ఊహించుకోండి. ఇంట్లో డిగ్రీ మెట్లెక్కిన వాళ్లు ఎవరూ లేరు. ఫారం నింపడానికి కూడా సాయం పట్టేవాళ్లు లేరు. కాలేజీలో ఇంగ్లిషు పాఠం అర్థం కాకపోతే తప్పు పాఠానిది అనుకోదు, తన తెలివిది అనుకుంటుంది. ‘నాకు రాదులే’ అన్న ఆ ఒక్క మాట చాలు... పుస్తకాల సంచి సర్దేసి ఇంటికి వచ్చేయడానికి. ఆ తర్వాత పెళ్లి సంబంధాలు రావడానికి ఎంతసేపు?

ఉమోజా... అంటే ఐక్యత

సరిగ్గా ఇలాంటి బెరుకే అమెరికా నల్లజాతి పిల్లలదీ. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు సమ్మెకు దిగారు. మా చరిత్ర, మా సంస్కృతి పాఠాల్లో ఉండాలన్నది వాళ్ల డిమాండ్లలో ముఖ్యమైనది. సమ్మె 1969 మార్చి దాకా సాగింది. అలాంటి చదువుల కోసం ప్రత్యేక విభాగం సాధించాకే ఆగింది.

ఆ దారిలోనే 2006లో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ‘ఉమోజా’ మొదలైంది. స్వాహిలి భాషలో ఉమోజా అంటే ఐక్యత. కొందరు విద్యార్థులు ఒక జట్టుగా కలిసి చదువుతారు. వాళ్ల కష్టసుఖాలు తెలిసిన కౌన్సిలర్ వెంట ఉంటారు. పాఠాల్లో నల్లజాతి చరిత్ర, సాహిత్యం చోటు చేసుకుంటాయి. వాళ్లు పాటించే పద్ధతుల్లో ఒకదాని పేరు ‘పోర్చ్’. అంటే ఇంటి ముందు అరుగు! అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నంత చనువుగా మనసు విప్పుకోవడం.

మన ఊళ్లలో అరుగులకేం తక్కువ? కాకపోతే ఆ అరుగు ఎక్కే హక్కు అందరికీ ఉండేది కాదు. చిక్కల్లా అక్కడే.

ఏకలవ్యుడికి ప్రవేశం

గురుకులం అనే మాట వినగానే ఏకలవ్యుడు గుర్తుకు రావడం సహజం. అతనికి దక్కని ఆ మాటే ఇప్పుడు అతని వారసుల కాలేజీ బోర్డు మీద ఉంది. తొలి గురుకుల పాఠశాల 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులోనే మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980లలో వచ్చాయి. వాటి వెనుక ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ కృషి ఉంది. 2016లో తెలంగాణ ప్రభుత్వం మరో మెట్టు ఎక్కి, ప్రధానంగా ఎస్సీ అమ్మాయిల కోసం 30 గురుకుల డిగ్రీ కాలేజీలు మంజూరు చేసింది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లకూ అవి వచ్చాయి. మరుసటి ఏడాది గిరిజన గురుకులాలూ డిగ్రీ బాట పట్టాయి.

తిండీ బసా ఒక ఎత్తు. ధైర్యం ఇంకో ఎత్తు. 2012 నుంచి 2021 దాకా కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ కాలంలో ఈ పిల్లలకు ‘స్వేరోస్’ అనే కొత్త పేరు వచ్చింది. సోషల్ వెల్ఫేర్ అనే మాటల తొలి అక్షరాలకు ఆకాశాన్ని సూచించే ‘ఏరో’ జోడించారు. ‘హాస్టల్ పిల్లలు’ అన్న చిన్నచూపుకి అది జవాబు. వాళ్లు వల్లించే పది సూత్రాల్లో మొదటిది... నేను ఎవరికంటే తక్కువ కాదు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ సూత్రం లోకానికి కనిపించింది. ఆమె బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే!

విమర్శలూ ఉన్నాయి

వేరే కాలేజీలు పెడితే పిల్లలు వేరుగానే మిగిలిపోరా అన్నది ఒక ప్రశ్న. అమెరికాలోనూ ఈ వాదన ఉంది. మూడేళ్లు ధైర్యం కూడగట్టుకున్నవాళ్లే రేపు అందరి మధ్యా తలెత్తుకు నిలబడతారన్నది దానికి సమాధానం. ఆత్మగౌరవ పాఠం ఎక్కడ ఆగాలి అన్నది మరో ప్రశ్న. 2021 మార్చిలో పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్వేరోస్ కార్యక్రమంలో అంబేడ్కర్ ప్రతిజ్ఞలు చదవడం మీద పెద్ద దుమారమే రేగింది. ఆ జులైలో ప్రవీణ్‌కుమార్ స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని, రాజకీయాల్లోకి వెళ్లారు. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. ఒక మనిషి ఊపిరి పోసిన స్ఫూర్తి ఆ మనిషి వెళ్లాక కూడా నిలవాలంటే అది ప్రతి కాలేజీలో, ప్రతి టీచర్‌లో వేళ్లూనాలి. భవనాలకు నిధులడిగినంత గట్టిగా, పిల్లల గోడు వినే కౌన్సిలర్ల కోసం మనం అడుగుతున్నామా?

ఈ రెండు సమాజాల మధ్య చుట్టరికం ఇవాళ్టిది కాదు. జ్యోతిబా ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వ నిర్మూలనకు పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. ఆయనా జవాబిచ్చారు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో తొలిసారి డిగ్రీకి వెళ్తున్న పిల్ల ఉందా? ఫీజు గురించి, మార్కుల గురించి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అడగండి... ‘అక్కడ నీకు మనసు విప్పి మాట్లాడేవాళ్లు ఉన్నారా అమ్మా?’ అని. లేరంటే, ఆ అరుగు మీ ఇంటి ముందే వేయండి.