మాట, సందర్భము, అర్థము

పలికిన మాటలోనే అర్థమంతా ఉండదు. కాచిగూడ స్టేషనులో రైలెక్కుతున్న వ్యక్తి "వస్తాను" అంటాడు. వెళ్ళేవాడు వస్తాననడమేమిటని ఎవరూ అడగరు. సెలవు తీసుకొంటున్నాడని గ్రహిస్తారు. మాటకూ వక్త ఉద్దేశానికీ మధ్యనున్న ఈ ఎడమును పరిశీలించే భాషాశాస్త్ర విభాగమే ప్రాగ్మాటిక్స్. శ్రోత సందర్భమునుబట్టి వక్త ఉద్దేశమును ఎట్లు ఊహించి గ్రహిస్తాడో పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్ ఉపన్యాసాలలో వివరించాడు.

బైబిలు అనువాదంలో ఇది పెద్ద సమస్య. మార్కు 4:38లో, తుఫానులో చిక్కిన శిష్యులు తాము నశించుట చూచి యేసుకు చింత లేదా అని అడిగారు. రూపములో అది ప్రశ్న. భావములో మొర, నిష్ఠూరము కూడా. అక్కడి గ్రీకు క్రియలో "మేము", "మనము" అనే భేదము లేదు. తెలుగులో "మేము" అంటే నిద్రిస్తున్న ప్రభువును వేరుచేసినట్లు. "మనము" అంటే ఆయననూ అపాయములో చేర్చినట్లు. సర్వనామము లేకుండా "నశించిపోతున్నాము" అంటే రెండు అర్థాలకూ చోటుంటుంది. నిష్ఠూరపు ధ్వని "మేము" వైపు మొగ్గుతుంది. ఆయన కూడా అదే దోనెలో ఉన్నాడనే సంగతి "మనము" వైపు లాగుతుంది.

కనుక "మేము" అనే ఒక్క పదముపై శిష్యుల అవిశ్వాసమును గూర్చి ప్రసంగము కట్టకమునుపు, ఆ పదము మార్కు వ్రాసినదా, అనువాదకుడు ఎంచుకొన్నదా అని బోధకుడు పరిశీలించవలెను.