గోస్తని తొలిచిన గుహలు

విశాఖపట్టణమునకు సుమారు 90 కిలోమీటర్ల దూరమున, అనంతగిరి కొండలలో, సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తున బొర్రా గుహలు ఉన్నవి. పూర్వమొక ఆవు కొండమీది రంధ్రమునుండి లోనికి పడి బ్రతికెననియు, దానిని వెదకుచు దిగిన పశువులకాపరికి శివలింగము కనిపించెననియు స్థానికులు చెప్పుదురు. ఆ గుహల గుండ పారు ఏటికి గోస్తని యని పేరు. ఇది తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద బంగాళాఖాతములో కలియుచున్నది. గుహను తొలిచినదెవరు? లింగమును మలచినదెవరు? రెండు పనులను చేసినది నీరే.

వాననీరు గాలినుండియు, అడవినేలలో కుళ్లిన ఆకులనుండియు బొగ్గుపులుసు గాలిని గ్రహించి, స్వల్పముగా ఆమ్లగుణమును పొందును. ఇట్టి నీరు సున్నపురాతి పగుళ్లలో ప్రవేశించినపుడు, నీటిలో దాదాపుగా కరగని కాల్షియం కార్బొనేటు, కరగునట్టి కాల్షియం బైకార్బొనేటుగా మారి కొట్టుకొనిపోవును. పగులు సందగును; సందు గుహ యగును. ఆ నీరే గుహకప్పునుండి బొట్టుబొట్టుగా జారునపుడు, అందలి వాయువు కొంత వెలికిపోవును. కాల్షియం కార్బొనేటు మరల గట్టిపడును. కప్పునుండి వ్రేలాడు ఊడలు స్టాలక్టైటులు. నేలనుండి లేచు దిమ్మలు స్టాలగ్మైటులు. బొర్రాలోని శివలింగము స్టాలగ్మైటే.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. పలుచని సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదినచో అది పాలవలె తెల్లబడును. ఊదుట మానకున్నచో తెలుపు విరిగి తేటపడును: గుహ తొలుచుట ఇట్టిదే. ఆ తేటను కాచినచో మరల తెల్లబడును: ఊడ కట్టుట ఇట్టిదే. అయితే గుహలో వేడితో పనిలేదు. వాయువు తానై వెడలిపోవును.

మెక్సికోలోని తులుం తీరశిథిలములను చూడబోవు యాత్రికులు చెంతనున్న సున్నపురాతి గుహలలో ఈదుదురు. బొర్రాలో అట్లు ఈదుటకు వీలులేదేమి? అచ్చటి నేల పల్లము. భూగర్భజలము గుహలలోనే నిలిచియున్నది. బొర్రా కొండమీదిది, ఏరు లోతుగా కోసికొనిపోగా, పై గుహలలోని నీరు క్రిందికి దిగిపోయినది. మెక్సికో గుహలలో నీటి అడుగునను స్టాలక్టైటులు కలవు. అవి నీటిలో పెరుగవు గనుక, హిమయుగమున సముద్రమట్టము తగ్గినపుడు ఆ గుహలు పొడిగా నుండెనని తెలియుచున్నది.

ఏటివెంట తీరమునకు దిగినచో రాయి మారును. భీమిలిలో డచ్చివారి సమాధులు కలవు. విశాఖకు పోవు దారిలో బౌద్ధుల తొట్లకొండ కలదు. ఇచ్చటిది ఖోండలైటు శిల; సున్నపురాతివలె నీటికి కరగదు. అందుచేతనే సుమారు రెండువేల యేండ్ల క్రిందట భిక్షువులు వాననీటికై ఆ రాతిలో తొట్లు తొలిచిరి. కొండకు ఆ పేరు వానివలననే వచ్చినది.

స్టాలక్టైటు సాధారణముగా ఏడాదికి ఒక మిల్లీమీటరైనను పెరుగదు. చేతి జిడ్డు సోకినచో ఆ పెరుగుదలయు చెడును. విరిగినచో మన తరములో తిరిగి రాదు. గుహపై అడవి పోయినచో నీటికి ఆ గుణమిచ్చు ఆకులు, మన్నుకూడ పోవును. బొర్రా ప్రాంతపు గనుల కౌలుపై నడచిన సమత వ్యాజ్యములో, షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రైవేటు సంస్థలకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. తాటిపూడి నీటిని త్రాగు విశాఖవాసికి ఆ కొండ దూరపుది కాదు.