సిస్టరమ్మా, ఎవరికీ చెప్పనంటే ఒక మాట



ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేసి నేను తెలుసుకున్న సంగతి ఒకటుంది. తల్లులు పగలు చెప్పని మాట రాత్రి చెబుతారు. రౌండ్స్ అయిపోయి, లైట్లు తగ్గించాక ఒక తల్లి మెల్లగా నర్సుల బల్ల దగ్గరికి వస్తుంది. "సిస్టరమ్మా, ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెప్త" అంటుంది.

ఆ మాట చాలాసార్లు చిన్నదే. "మొన్న ఇసుగుల పిల్లగాన్ని కొట్టిన. ఇప్పుడు జరమొచ్చింది. నేను కొట్టినందుకేనా?" "మార్కులు తక్కువొచ్చినయని పక్కింటి పిల్లతోని పోల్చి తిట్టిన. రెండు దినాల సంది నాతోని మాట్లాడతలేదు." "అత్తమ్మ చెప్పిందని ముర్రుపాలు పిండి పారబోసిన." తండ్రులు కూడా చెబుతారు, కాకపోతే వరండాలో నిలబడి, మొహం అటు తిప్పుకొని చెబుతారు.

కొట్టినందుకు జ్వరం రాదు. కానీ ఆ భయాన్ని లోపలే దాచుకొన్న తల్లికి అన్నం సహించదు, నిద్ర పట్టదు. కొన్నిసార్లు దాచిన మాట బిడ్డ ప్రాణం మీదికే వస్తుంది.

2003లో నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి వైపు నుండి ఒక తల్లి రెండేళ్ల బాబును తెచ్చింది. కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టిన కిరోసిన్ తాగాడు. "కక్కించారా అమ్మా?" అని డాక్టరుగారు అడిగితే "లేదు సార్" అంది. పక్కనే అత్తగారు నిలబడి ఉంది.

రాత్రి పదకొండు గంటలైంది. ఆ తల్లి మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. అన్నం క్యారియర్ మూత కూడా తీయలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెప్పి ఓదార్చాలో తోచక, అప్పటిదాకా ఎవరికీ చెప్పని నా సంగతి చెప్పాను.

అంతకు రెండేళ్ల ముందు మాట. నేను నైట్ డ్యూటీ చేసి ఇంటికి వచ్చాను. మా పెద్దబాబుకు ఆరేళ్లు. "తలనొప్పి మమ్మీ, బడికి పోను" అన్నాడు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. "నాటకాలు ఆడకు" అని రెక్క పట్టుకొని ఆటో ఎక్కించాను. మధ్యాహ్నం బడి నుండి కబురు వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. వార్డులో అందరి పిల్లలకూ థర్మామీటరు పెట్టే నేను, సొంత బిడ్డ నుదుటి మీద చేయి పెట్టి చూడలేదు. నర్సును కదా, సిగ్గేసింది. మా ఆయనతో కూడా "పొద్దున బాగానే ఉన్నాడు" అనే చెప్పాను.

ఆ తల్లి విని చాలాసేపు ఊరుకుంది. తరువాత "ఉప్పునీళ్లు తాపి రెండుసార్లు కక్కించిన సిస్టరమ్మా. అత్తమ్మ ముందర చెప్పలేకపోయిన" అంది. నేను లేచి వెంటనే డ్యూటీ డాక్టరుగారిని పిలిచాను. బాబు ఊపిరి అప్పటికే వేగంగా ఉంది. మళ్లీ ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తిలో నెమ్ము కనిపించింది. ఆక్సిజన్ పెట్టారు. వారం తరువాత బాబు నవ్వుతూ ఇంటికి వెళ్లాడు.

కిరోసిన్ కడుపులో కంటే ఊపిరితిత్తుల్లో ఎక్కువ హాని చేస్తుంది. కక్కించినప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి కిరోసిన్, డీజిల్, టిన్నర్ వంటివి తాగిన బిడ్డను కక్కించకూడదు. తడిసిన బట్టలు తీసి, ఒళ్లు కడిగి, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తేవాలి. ఇంటి దగ్గర ఏం చేశారో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మేము తిట్టడానికి అడగము. వైద్యం చేయడానికి అడుగుతాము. తల్లిని నలుగురి ముందు నిలబెట్టి అడగకూడదని నేనూ ఆ రాత్రే నేర్చుకున్నాను.

తల్లులు కలిసి కూర్చుని మాట్లాడుకుంటే మేలు జరుగుతుందనడానికి రుజువు ఉంది. 2005 నుండి 2008 వరకు జార్ఖండ్, ఒడిశాలలోని 3 జిల్లాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ పల్లె మహిళలను నెలనెలా కూర్చోబెట్టి, కాన్పు, పసిబిడ్డల కష్టాల గురించి మాట్లాడుకోనిచ్చింది. ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. సంఘాలు నడిచిన చోట నెలలోపు శిశు మరణాలు మూడేళ్లలో 32 శాతం తక్కువ. మూడో ఏట తల్లుల్లో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు 57 శాతం తక్కువ. మన ఊళ్లలో పొదుపు సంఘాలున్నాయి, స్త్రీల కూడికలున్నాయి. దేవుని యెదుట తప్పు ఒప్పుకొనే మనం, అదే చాప మీద పక్కన కూర్చున్న సహోదరితో చెప్పడానికి జంకుతాం.

చెప్పుకొనే వారికీ, వినేవారికీ నాలుగు మాటలు:

1. విన్న మాటను గడప దాటించకండి. ఒక్కసారి బయటపడితే ఆ తల్లి మళ్లీ ఎవరితోనూ నోరు విప్పదు.

2. వెంటనే సలహా ఇవ్వకండి. "నాకూ ఇట్లనే అయ్యింది" అన్న మాట ముందు చెప్పండి.

3. బిడ్డ వింటుండగా బిడ్డ సంగతులు చెప్పి నవ్వకండి. మనకు చిన్న విషయం వాళ్లకు చిన్నతనం.

4. తప్పు మనదైతే బిడ్డతోనే "తప్పు నాదే నాన్నా" అనండి. తల్లిదండ్రుల గౌరవం తగ్గదు.

అన్నీ పక్కింటామెతో తీరేవి కావు. కాన్పు తరువాత రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోతే డాక్టరును కలవండి. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఆమెను ఒంటరిగా వదలవద్దు. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఏ బిడ్డకైనా హాని జరుగుతుంటే 1098కు చెప్పండి.

మా పెద్దబాబుకు ఇప్పుడు ముప్పై దాటాయి. మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ ఆటో సంగతి ఎత్తి, "తప్పు నాదే నాన్నా" అన్నాను. మరిచిపోయి ఉంటాడనుకున్నాను. "గుర్తుంది మమ్మీ. బడి దాకా ఏడుస్తనే పోయిన" అన్నాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వాడే లేచి, "టీ పెట్టనా?" అని అడిగాడు.

ఆ మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. మీరు అంతకాలం ఆగకండి.

మీ నర్సింగ్ సూపరింటెండెంట్