డబ్బా మీద 68 అంటే ఏంటో మీకు తెలుసా?

అబిడ్స్‌కు కూతవేటు దూరంలోని గన్‌ఫౌండ్రీలో 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించాడు. ఇప్పుడు అటు నాంపల్లి దాకా నడిస్తే కంటబడేవి చిన్న మిషన్లు: డూప్లికేట్ తాళంచెవులు కోసేది, బెంచ్ డ్రిల్లు, ఏ సందులోనో ఓ బుల్లి లేతు. వీటికి ఆయిల్ కొనడానికి షాపు ముందు నిలబడితే చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, మంచి చిక్కటిది ఇయ్యి."

చిక్కగా ఉంటే మంచిదని ఎవరన్నారు? డబ్బా మీది 32, 68, 100 అంకెలు చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో చెప్తాయి. అదీ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినది. అంటే అచ్చంగా మన మే నెల మధ్యాహ్నం! డిసెంబరు పొద్దున 20 డిగ్రీలకు దిగితే అదే 68 నంబరు ఆయిల్ దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. చలికాలం లేతు బరువుగా తిరుగుతోందని మోటారు విప్పే ముందు కాసేపు ఖాళీగా తిప్పి చూడండి.

అంకె ఒకటైనంత మాత్రాన ఆయిల్ ఒకటి కాదు. ఇండియన్ ఆయిల్ వాళ్ళ సర్వోసిస్టమ్ 68 హైడ్రాలిక్ పనులకు, సర్వోవే 68 లేతు బెడ్డుకు. రెండోది లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. బెడ్డు మీద క్యారేజీ మెల్లగా జరిగేటప్పుడు ఆగి, గుంజి, మళ్ళీ ఆగితే జాబు నున్నగా రాదు. ఆ కుదుపు రాకుండా చూడటమే దీని పని. వేగంగా తిరిగే స్పిండిళ్ళకేమో 10, 22 లాంటి పల్చటివి కావాలి.

బండికి పోయగా మిగిలిన ఇంజన్ ఆయిల్ సంగతి? మసిని కింద పేరుకోనివ్వకుండా తేలుస్తూ ఫిల్టర్ దాకా మోసుకెళ్ళే మందు అందులో ఉంటుంది. చాలా చిన్న లేతుల హెడ్‌స్టాకులో ఫిల్టరే ఉండదు. అడుగున దిగాల్సిన ఇనుప పొడి ఆయిల్‌తోపాటు బేరింగుల్లో తిరుగుతూనే ఉంటుంది. బెడ్డు మీదైతే, ఏమీ లేనిదానికన్నా నయమే అనుకోండి.

ఆముదాన్ని మాత్రం తక్కువ చేయకూడదు. మన ఎడ్లబండి ఇరుసులకు కందెన అదే. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజన్లలోనూ పోశారు. క్యాస్ట్రాల్ పేరు పుట్టింది క్యాస్టర్ నుంచే. కానీ గాలి తగిలి జిగురు కడుతుంది కాబట్టి లేతుకు పనికిరాదు. కొబ్బరినూనె సరేసరి, 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డే.

ఆయిల్ వేసే ముందు రజను బ్రష్షుతో ఊడ్చి, గుడ్డతో తుడవాలి. గాలి గొట్టం వద్దు. అది పొడిని తీసుకెళ్ళి క్యారేజీ కిందికే తోస్తుంది. ఆయిల్ రంధ్రంలో చిన్న స్టీలు గుండు కనిపిస్తుంది. క్యాను మూతితో దాన్ని నొక్కిపట్టి, అంచుల్లోంచి నల్లటిది పోయి తేట ఆయిల్ వచ్చేదాకా కొట్టాలి. ఛక్‌కు ధారాళంగా పోశారో, స్విచ్చి వేయగానే చొక్కా మీదే.

కూలెంట్ వాడేవాళ్ళకు ఇంకో పని ఉంది. అది బెడ్డు మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, సాయంత్రం తుడిచి మళ్ళీ పూయాలి. కూలెంట్ కలిపేటప్పుడు నీళ్ళలో దాని ఆయిల్ పోయాలి. ఆయిల్‌లో నీళ్ళు పోస్తే విరిగిన పాలలా ముద్దలు కడుతుంది, ఇక ఎంత తిప్పినా కలవదు.